మనవరాలి చర్మం అడిగిన జింకు

నా మాటను ఇంతవరకు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తల ఊపినవాళ్లున్నారు, నవ్వినవాళ్లున్నారు, మాట మధ్యలో ఫోన్ పెట్టేసినవాళ్లున్నారు. జవాబు చెప్పినవాళ్లు మాత్రం లేరు. నోటితో చెబితే "అది సరేగని, చాయ్ తాగుతవా" అని మాట మారుస్తున్నారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. రాసినదానికి చాయ్ పోసి పంపించలేరు.

నేను రాయికల్ దగ్గర ఒక పల్లెలో వరి పండిస్తాను. పదో తరగతి వరకు చదివాను. ఒంటికి రాసుకునే సామాన్ల గురించి నాకు తెలిసిందల్లా మా ఇంట్లో అద్దం పక్కన ఉండే పౌడరు డబ్బా. అయినా ఒక పసిపిల్ల చర్మానికి ఏం తక్కువైందో జగిత్యాలలో, కోరుట్లలో అందరికంటే ముందు చెప్పింది నేను. గొప్ప చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. జరిగింది అదే కాబట్టి అంటున్నాను.

నా బిడ్డను కోరుట్లకు ఇచ్చాను. అల్లుడు దుబాయిలో పని చేస్తాడు. ఇల్లు నడిపేది మా వియ్యపురాలు. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి, గట్టి మనిషి. ఆమెను తక్కువ చేసి రాయను. తొలి కాన్పు మా ఇంట్లోనే జరిగింది. ఆడపిల్ల. ఐదో నెలలో తల్లినీ పిల్లనూ కోరుట్లకు పంపించాం. అప్పటికే పిల్ల పెదవి మూలన గోరంత ఎర్ర మచ్చ ఉంది. పాలు కారి ఒరుసుకుపోయిందని నా భార్య అన్నది. నేనూ అలాగే అనుకున్నాను.

నెల తర్వాత, యాసంగి నాట్లు అయిపోయాక, చూడడానికి వెళ్లాను. పిల్లను నా ఒళ్లో పెట్టారు. నోటి చుట్టూ, ముక్కు కింద, గడ్డం మీద చర్మం ఎర్రగా పొక్కి, అంచులు గోధుమ రంగుకు తిరిగి, పొట్టు లేస్తోంది. పిరుదుల మీద అదే. వేళ్ల చివర్లలోనూ అదే. తల వెంట్రుకలు దిండుకు అంటుకుని ఉన్నాయి, నెత్తి మీద మాత్రం పలచబడ్డాయి. విరేచనాలు ఆగడం లేదని నా బిడ్డ చెప్పింది. పిల్ల నవ్వడం మానేసిందని కూడా చెప్పింది. ఆ రెండో మాట చెప్పేటప్పుడు గోడ వైపు చూసింది.

నాకు వెంటనే పొలం గుర్తుకు వచ్చింది. నాటు వేసిన మూడు వారాలకు, చలి ఇంకా పోని రోజుల్లో, కొన్ని మడుల్లో పైరు ఎదగకుండా ఆగిపోతుంది. అడుగు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు లేస్తాయి. ఆకు నడిమి ఈనె పాలిపోతుంది. వంచితే పుటుక్కున విరుగుతుంది. తెలియని రైతు ఇంకో బస్తా యూరియా చల్లుతాడు, లేకపోతే తెగులని మందు కొడతాడు. రెండింటికీ లొంగదు. జింకు ఇస్తే తేరుకుంటుంది. జింకు కావలసింది కొంచెమే. యూరియా బస్తాల్లో కొంటాం, జింకు సంచిలో మోసుకొస్తాం. కానీ ఆ కొంచెం లేకపోతే బస్తాలన్నీ దండగ.

మొక్కకు కావలసిన జింకు మనిషికీ కావాలని చిన్నప్పుడు బడిలో చదివిన గుర్తు. అదే చెప్పాను.

"చెల్లె, పిల్లకు జింకు తక్కువైనట్టున్నది. మా పొలం గిట్లనే మచ్చలు కొడ్తది."

వియ్యపురాలు చాటలో బీడీలకని తునికాకు కత్తిరిస్తోంది. కత్తెర ఆపలేదు.

"అన్నా, పిల్ల నాటు కాదు. పొలం సంగతి నువ్వు జూడు, పిల్ల సంగతి నేను జూస్త."

నా లెక్కలో ఇది మొదటిది. నేను ఇలాంటివి మరచిపోను.

ఆమె చేయగలిగిందంతా చేస్తూనే ఉంది, అది నిజం. అల్లుడు దుబాయి నుంచి ఒక అట్టపెట్టె నిండా పంపించాడు. పౌడర్లు, నూనెలు, సబ్బులు, పిల్ల పిరుదులకు రాసే తెల్లటి లేపనం, తల్లి ముఖం తెల్లబడడానికి ఒక చిన్న డబ్బీ. పొద్దున నూనె, ఆపైన సొంత చేను పసుపు, స్నానమయ్యాక లేపనం, దాని మీద పౌడరు. పిల్ల ఒంటి మీద ఎప్పుడూ ఏదో ఒక పూత ఉండేది. ఆ తెల్ల లేపనం గొట్టం వెనక ఏం రాసి ఉందో చదవమన్నాను. నా బిడ్డ డిగ్రీ చదివింది. చదివి, "జింక్ ఆక్సైడ్ అని ఉన్నది బాపు" అన్నది.

నేను గెలిచాననుకున్నాను. కానీ మా వియ్యపురాలు తెలివైనది.

"నెల సంది గదే పూస్తున్నం గద అన్నా. జింకు తక్కువైతే ఈపాటికి తగ్గాలె. మరి ఎందుకు తగ్గలే?"

నేను కండువా తీసుకుని లేచాను. పొలంలో జింకు నీళ్లలో కలిపి ఆకు మీద కొట్టినా పని చేస్తుంది. ఆకు తాగుతుంది. మరి చర్మం ఎందుకు తాగదు? ఇంటికి వచ్చేదాకా బస్సులో అదే ఆలోచించాను. నాకు తెలియదని ఒప్పుకున్నాను, కానీ నా మాట వదలలేదు. తెలియకపోవడం వేరు, తప్పు కావడం వేరు.

తర్వాతి వారం వెళ్లేసరికి ఇంట్లో కొత్త మాట పుట్టింది. పూతలతో తగ్గకపోతే తప్పు లోపల ఉండాలని, లోపలికి పోతున్నది తల్లి పాలే కాబట్టి పాలు చెడ్డవని. దీనికి ఒక పరీక్ష ఉంది. నాలుగు చుక్కల పాలు గిన్నెలో పిండి, అందులో చీమను వేస్తారు. చీమ పాకి బయటికి వస్తే పాలు మంచివి. చస్తే చెడ్డవి. నా బిడ్డ పాలలో చీమ చచ్చింది.

ఈ సంగతి నాకు వియ్యపురాలు చెప్పలేదు. నా బిడ్డ చెప్పింది, పెరట్లో బట్టలు ఆరేస్తూ.

"నా పాలు విషమట బాపు. డబ్బా పాలు తెచ్చిండ్రు. పిల్ల నోట్లె పెట్టుకుంటలేదు, ఏడ్సి ఏడ్సి గొంతు పోయింది."

"నువ్వు ఇస్తున్నవా లేదా?"

"అత్తమ్మ బయిటికి పోయినప్పుడు ఇస్తున్న."

తన పిల్లకు తన పాలు దొంగతనంగా ఇస్తోంది. నేను బయలుదేరాను. కోపం వచ్చినప్పుడు నేను అరవను, పని చేస్తాను. ఇంటికి రాగానే నాలుగు గిన్నెలు పెట్టాను. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో మా బర్రె పాలు, ఒకదాంట్లో కొట్టులో తెచ్చిన డబ్బా పాలు, ఒకదాంట్లో చక్కెర నీళ్లు. ఒక్కోదాంట్లో మూడేసి చీమలు వేశాను. నా భార్య నన్ను చూసి తలుపు దగ్గరికి వేసింది, ఎవరైనా చూస్తారని. నీళ్లలో వేసిన మూడూ చచ్చాయి. బర్రె పాలలో మూడూ చచ్చాయి. డబ్బా పాలలో రెండు చచ్చాయి, మూడోది గిన్నె అంచు పట్టుకుంది. చక్కెర నీళ్లలో కూడా చచ్చాయి. వెంటనే కోరుట్లకు ఫోన్ చేసి ఈ ఫలితం వరసగా చదివి వినిపించాను. చీమకు ఈత రాకపోతే అది నా బిడ్డ తప్పు ఎట్లా అవుతుందని అడిగాను. అవతల ఫోన్ పెట్టేశారు. దీనికి జవాబు ఈ రోజుకూ రాలేదు.

చివరికి పిల్లను జగిత్యాలలో ఒక చర్మ డాక్టర్‌కు చూపించడానికి ఒప్పుకున్నారు. నేను నేరుగా అక్కడికే వెళ్లాను. ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటుంది, దాచను. పక్క రైతు మడిలో జింకు లేక మచ్చలు కొట్టిన వరి మొక్కను వేళ్లతో సహా పీకి, తడి గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. దానితోపాటు మా ఇంట్లో మిగిలిన జింక్ సల్ఫేట్ పొట్లం కూడా. కళ్లతో చూస్తే అర్థమవుతుందని నా ఉద్దేశం. మొక్కను డాక్టర్ బల్ల మీద పెట్టి పక్కన పిల్ల చెయ్యి చూపించాను. రెండు మచ్చల అంచులూ చూడండి సార్ అన్నాను. తర్వాత పొట్లం తీసి, పిల్లలకు ఇచ్చే జింకు ఏ మందులో ఉంటుంది, దీనికీ దానికీ ఏం తేడా అని అడిగాను.

"పెద్దమనిషీ, ఇది వ్యవసాయ ఆఫీసు కాదు" అన్నాడు డాక్టర్.

తలుపు తెరిచే ఉంది. బయట కూర్చున్నవాళ్లు నవ్వారు. కాంపౌండర్ వచ్చి బల్ల మీది మట్టి తుడిచాడు, మొక్కను చెత్తబుట్టలో వేశాడు. పిల్ల వైపు డాక్టర్ ఎంతసేపు చూశాడో నేను చూశాను. మొక్క వైపు అంతకంటే ఎక్కువసేపు చూశాడు. పిల్ల చర్మానికి ఫంగస్ పట్టిందని చెప్పి ఒక ఆయింట్‌మెంట్ రాశాడు. దానితో నోటి చుట్టూ పుండు ఇంకా పచ్చి అయింది.

నా పొట్లం సంగతి మాత్రం నా కంటే ముందు కోరుట్ల చేరింది. ముసలాయన పిల్లకు ఎరువు తాగించాలని చూశాడని వాడకట్టంతా చెప్పుకున్నారు. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడు వియ్యపురాలు మంచినీళ్లు ఇచ్చింది, కుర్చీ వేసింది, అంతా మర్యాదగానే చేసింది. పిల్లను ఒళ్లోకి అడిగేసరికి అన్నది:

"అన్నా, ఏమనుకోకు. కీసలల్ల ఏమన్న ఉన్నదా?"

నేను అంగీ జేబులు రెండూ బయటికి తిప్పి చూపించాను. బస్సు టికెట్టు, కళ్లద్దాల డబ్బా. చూసి పిల్లను ఇచ్చింది. అరవై ఏళ్ల మనిషిని, మనవరాలిని ఎత్తుకోవడానికి జేబులు చూపించాను. పిల్ల బరువు పోయినసారి కంటే తగ్గింది. నా అవమానం సంగతి తర్వాత చూసుకోవచ్చని ఆ బరువే నాకు చెప్పింది.

సిరిసిల్లలో మా అక్క ఉంది. వాళ్లవి మరమగ్గాలు. పక్కింటి పిల్లాడికి ఒళ్లంతా పొక్కితే అక్కడి ఒక డాక్టరమ్మ నయం చేసిందని అక్క ఎప్పుడో చెప్పింది. డాక్టర్ దగ్గరికి అంటే కోరుట్లవాళ్లు పంపించరు. అందుకని మేనత్త ఒడిబియ్యం పోస్తుందట, పంపించమని అడిగాను. పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఒడిలో బియ్యం పోస్తామంటే కాదనే ఇల్లు మా వైపు లేదు. పంపించారు. జగిత్యాలలో బస్సు మారి, కొడిమ్యాల మీదుగా, వేములవాడ దాటి సిరిసిల్ల చేరాం. దారి పొడుగునా ఎదురు సీటామె పిల్ల ముఖం చూసి తన పిల్లాడిని అటు తిప్పుకుంది. నా బిడ్డ కొంగు పిల్ల ముఖం మీద కప్పింది. నేను తీయించాను. దాచాల్సిన పని మేమేమీ చేయలేదు.

అక్క పిల్లను చూసి నన్ను తిట్టింది.

"ఇన్ని దినాలు ఏం జేసినవ్‌రా? చీమలను లెక్కవెట్టుకుంట కూసున్నవా?"

డాక్టరమ్మ గదిలోకి ఈసారి మొక్కను తీసుకెళ్లలేదు. కానీ అడిగింది కాబట్టి మొదటి నుంచి అన్నీ చెప్పాను, పొట్లం సంగతితో సహా. ముందు ఆమె అడిగింది ఒక్కటే: ఆ పొట్లంలోది పిల్ల నోటికి తగిలిందా అని. లేదని చెప్పాక, నన్ను గట్టిగానే మందలించింది. పొలానికి వేసేదాంట్లో సీసం లాంటివి కలిసి ఉండొచ్చట, మొక్క ఓర్చుకున్నది పిల్ల ఓర్చుకోదట. సరే అన్నాను. అది న్యాయమైన తిట్టు. న్యాయమైనదాన్ని నేను పట్టి ఉంచుకోను.

పిల్ల నోరు, వేళ్లు, పిరుదులు, నెత్తి, గోళ్లు చూసింది. విరేచనాల గురించి అడిగింది. రక్తం తీసి హైదరాబాద్ పంపించమన్నది, ఫలితం వచ్చేదాకా ఆగొద్దని ఆ రోజే జింకు సిరప్ మొదలుపెట్టించింది. ఎన్ని చుక్కలో, ఎప్పుడో రాసి ఇచ్చింది. అప్పుడు నేను రెండు నెలలుగా మోస్తున్న ప్రశ్న అడిగాను. ఆకు మీద కొడితే మొక్క తాగుతుంది కదా, మరి లేపనంలో జింకు పూసినా పిల్లకు ఎందుకు అందలేదు?

అది చర్మం మీదే గొడుగులా నిలబడుతుందని చెప్పింది. తడినీ ఒరుపునూ ఆపుతుంది, మంటను చల్లారుస్తుంది, అంతవరకే దాని పని. కొత్త చర్మం పుట్టాలంటే జింకు కడుపులో నుంచి రక్తంలోకి పోవాలి. పిల్ల చర్మం ఆకు కాదు. ఇంత చిన్న సంగతి. ముందే ఎవరైనా చెప్పి ఉంటే నేను కోరుట్లలో ఆ పూట నోరు మూసుకుని లేచి వచ్చేవాణ్ణి కాదు.

ఇంకేం పూస్తున్నారని అడిగితే నా బిడ్డ సంచిలో ఉన్నవన్నీ తీసి పెట్టింది. ముఖం తెల్లబడే డబ్బీ తిప్పి చూస్తే దాని మీద ఏం కలిపారో ఎక్కడా లేదు. అలాంటి కొన్నింట్లో పాదరసం ఉంటుందని, తల్లి ముఖానికి పూసుకున్నది పిల్ల ఒంటికి కూడా అంటుతుందని చెప్పి ఆమె దాన్ని అవతల పెట్టేసింది. ఒక లోహం కొంచెం తక్కువై పిల్ల చర్మం రాలిపోతుంటే, ఇంకో లోహాన్ని డబ్బీలో పెట్టి తల్లి చేతికి ఇచ్చారు. పంపించినవాడికి తెలియదు, పూసుకున్నదానికి తెలియదు. అమ్మినవాడికి మాత్రం తెలిసే ఉంటుంది.

చివరగా పాల సంగతి వచ్చింది. నేను నా భార్య పెట్టిన పథ్యం మీద నేరం మోపాను. బాలింతకు నెలల తరబడి ఎల్లిపాయ కారం, అన్నం తప్ప ఏమీ పెట్టలేదని, అందుకే పాలలో సత్తువ పోయిందని చెప్పాను. డాక్టరమ్మ కాదన్నది. మంచి తిండి తల్లికి అవసరమే, కానీ దీనికి కారణం తిండి కాకపోవచ్చని, కొంతమంది తల్లుల ఒంట్లో జింకు ఉన్నా పాలలోకి దిగదని, అది పుట్టుకతో వచ్చే గుణమని చెప్పింది.

"పాలు మంచివే పెద్దయ్యా. ఒక్కటి తక్కువ దిగుతున్నది, అంతే. పాలు ఆపకండి, చుక్కలు ఆపకండి."

నాకు చప్పున అర్థమైంది. నీళ్లు నిలిచిన మడిలో మట్టిలో జింకు ఉంటుంది, మొక్కకు అందదు. మట్టి చెడ్డదని పొలం అమ్ముకుంటామా? ఆ మాట పైకే అన్నాను. డాక్టరమ్మ నవ్వింది. ఈ నవ్వు వేరే రకం.

నా బిడ్డ అక్కడే, ఆ గదిలోనే, గోడ వైపు తిరిగి పిల్లకు పాలిచ్చింది. ఎవరో బయటికి పోయేదాకా ఆగాల్సిన పని లేదు.

సిరిసిల్లలో వారం ఉన్నాం. మూడో రోజుకు విరేచనాలు ఆగాయి. ఐదో రోజుకు నోటి చుట్టూ పొట్టు రాలి కింద లేత చర్మం కనిపించింది. ఆరో రోజు మగ్గాల చప్పుడు మధ్య అక్క మొహం చూసి పిల్ల నవ్వింది. అక్క దాన్ని తన గొప్పగా లెక్క వేసుకుంది.

"ఒడిబియ్యమని అబద్ధమాడి తెచ్చినవ్ గద తమ్మీ. పొయ్యకుండ పంపితే నాకు పాపం తగుల్తది" అని కొత్త చీర పెట్టి నిజంగానే బియ్యం పోసింది. తర్వాత రక్తం ఫలితం వచ్చింది. జింకు బాగా తక్కువ అని ఉంది. ఆ కాగితం నా దగ్గర ఉంది. రెండు నకళ్లు కూడా తీయించాను.

ఇంటికి రాగానే నా భార్య ముందు నిలబడి, నీ పథ్యం మీద నేను వేసిన నింద తప్పు అని చెప్పాను. తప్పయితే ఎలా చెప్పాలో నాకు తెలుసు. ఒక్క నిమిషం పడుతుంది.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. కోరుట్లలో ఏమైందో వినండి. పిల్ల బుగ్గలు చూసి వియ్యపురాలు దిష్టి తీసింది, కళ్ల నీళ్లు పెట్టుకుంది, నిజంగానే సంతోషించింది. ఫలితం కాగితం నా బిడ్డ చేత చదివించుకుంది, డాక్టరమ్మ చెప్పిందంతా విన్నది. విని ఏమన్నది?

"నేను ముందే జెప్పిన గద. పాలు మంచియి కావని. డాక్టరే జెప్పింది ఇప్పుడు."

నేను కనిపెట్టినదాన్ని తీసుకుని నా బిడ్డ మీదికే తిప్పింది. తక్కువ అనే మాట చెడ్డ అనే మాటగా మారడానికి అక్కడ అర నిమిషం కూడా పట్టలేదు. నేను మడి, మట్టి, నీళ్లు అంటూ చెప్పబోతే, "అది సరేగని అన్నా, చాయ్ తాగుతవా" అన్నది.

ఇదంతా రెండేళ్ల కిందటి సంగతి. మనవరాలు సొంతంగా అన్నం తినడం మొదలుపెట్టాక, డాక్టరమ్మ చెప్పినట్టే చుక్కల అవసరం తీరింది. ఇప్పుడు మోకాళ్లు కొట్టుకునేలా పరిగెత్తుతుంది, ఆ దెబ్బలు కూడా చక్కగా మానుతున్నాయి. నా బిడ్డకు ఇప్పుడు ఏడో నెల. పోయిన వారం వెళితే అలమారలో డబ్బా పాలు కనిపించాయి, వరసగా, దుబాయి నుంచి వచ్చినవి. పిల్ల ఇంకా పుట్టలేదు. నా బిడ్డను అడిగితే, "అత్తమ్మ ముందుగాలనే తెప్పిచ్చింది బాపు. ఈసారి నా పాలు వద్దట" అన్నది. ఈసారి గోడ వైపు చూడలేదు. నా వైపు చూసింది.

సిరిసిల్ల వెళ్లి డాక్టరమ్మను అడిగి, రాయించుకుని వచ్చి, అల్లుడికి వీడియో కాల్ చేశాను. పుట్టబోయే పిల్లకు పాలు ఇవ్వొచ్చని, మచ్చ కనిపించేదాకా ఆగకుండా పుట్టగానే చూపిస్తే జింకు ఎప్పుడు మొదలుపెట్టాలో తానే చెబుతానని డాక్టరమ్మ అన్న సంగతి చెప్పాను. ఆమె చేతి రాత ఉన్న కాగితం తెర ముందు పట్టాను.

"మామా, అమ్మ పెద్దది. ఎందుకు లొల్లి?" అన్నాడు.

లొల్లి కాదు అల్లుడా. ప్రశ్న. నన్ను ఎరువు ముసలాయన అన్నారు, పోనీ. జేబులు చూశారు, అది నా లెక్కలో ఉంది, ఉండనీ. వాటికి జవాబు లేకపోయినా నేను బతుకుతాను. ఈ ఒక్కదానికి మాత్రం జవాబు కావాలి, కాన్పుకు ముందే కావాలి. పుట్టబోయే పిల్లకు నా బిడ్డ పాలు ఇవ్వనిస్తారా, ఇవ్వనివ్వరా? ఇవ్వనివ్వం అంటే ఏ డాక్టర్ వద్దన్నాడో పేరు చెప్పండి. ఇవ్వనిస్తామంటే, చెల్లె, ఆ పాలు చెడ్డవన్న మాట తప్పని నా బిడ్డ ముందు నీ నోటితోనే చెప్పు. నేను వచ్చే మంగళవారం కోరుట్ల వస్తున్నాను. చాయ్ పెట్టకు. జవాబు చెప్పు.